సబ్‌రొటీన్లను ఇన్‌లైన్ చేసే టూల్స్ విషయమై

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఫోర్ట్రాన్ ప్రోగ్రాంలోని సబ్‌రొటీన్ కాల్స్ అన్నిటినీ టూల్‌తో ఒకేసారి ఇన్‌లైన్ చేయించి (అంటే కాల్ ఉన్న చోటే సబ్‌రొటీన్ కోడ్‌ను అతికించి), ఇకపై ఆ కొత్త సోర్సునే వాడదామనుకుంటున్నట్లు రాశావు. ఆ పని చేయవద్దు. కాల్ ఖర్చు నిజంగా భారమయ్యేది లోపలి లూపులో లక్షలసార్లు పిలిచే చిన్న సబ్‌రొటీన్ల దగ్గరే. అవి ఏవో, ఏ భాగానికి ఎంత సమయం పడుతోందో చూపే ప్రొఫైలర్‌తో ముందుగా తేల్చుకో.

తర్వాత కూడా మొదటి అవకాశం కంపైలర్‌కే ఇవ్వు. జీఫోర్ట్రాన్ కంపైలర్‌కు ఓ3 అనే ఆప్టిమైజేషన్ స్థాయి చెబితే ఒకే ఫైలులోని చిన్న సబ్‌రొటీన్లను అదే కలుపుకుంటుంది. వేర్వేరు ఫైళ్లలో ఉంటే కంపైల్ చేసేటప్పుడూ లింక్ చేసేటప్పుడూ ఫైళ్లన్నిటినీ కలిపి చూసేలా చేసే ఎఫ్ఎల్‌టీఓ ఆప్షన్ ఇవ్వాలి. వేటిని కలిపిందో ఎఫ్ఆప్ట్-ఇన్ఫో-ఇన్‌లైన్ అనే ఆప్షన్ చెబుతుంది. దాని చివర మిస్డ్ అని చేర్చితే వదిలేసినవి బయటపడతాయి.

ఇన్‌లైన్ చేస్తే వేగం పెరిగి తీరుతుందన్న నమ్మకం ఎందుకు కూడదో, లీనియర్ సమీకరణాలను సాధించే లిన్‌ప్యాక్ అనే ఫోర్ట్రాన్ లైబ్రరీలో చూడవచ్చు. అందులోని డీజీఈఎఫ్ఏ రొటీన్, ఏ అనే ఒకే మ్యాట్రిక్స్‌లోని కె-వ కాలమ్‌ను, జె-వ కాలమ్‌ను రెండు ఆర్గ్యుమెంట్లుగా డాక్స్‌పీకి పంపుతుంది. డాక్స్‌పీ మొదటి కాలమ్‌ను ఒక సంఖ్యతో గుణించి రెండో దానికి కలిపే సబ్‌రొటీన్. సబ్‌రొటీన్ మార్చే ఆర్గ్యుమెంట్ మెమరీలో మరో ఆర్గ్యుమెంట్‌తో కలిసి ఉండరాదని ఫోర్ట్రాన్ నియమం కాబట్టి, డాక్స్‌పీ విడిగా ఉన్నంతకాలం ఆ రెండూ వేరని కంపైలర్ నిశ్చింతగా నమ్మి, ఒక మూలకాన్ని రాయడం పూర్తికాకముందే తర్వాతి దాన్ని చదివిస్తుంది. ఇన్‌లైన్ చేయగానే ఆ రెండు పేర్లూ పోయి రెండు చోట్లా ఏ మాత్రమే మిగులుతుంది. జె ఎప్పుడూ కె కంటే పెద్దదని లూపు హద్దులను బట్టి మనకు తెలిసినా, దాన్ని రుజువు చేసుకోలేని కంపైలర్ రాయడం ముగిసేదాకా ఆగుతుంది. 1992లో వెలువడిన రైస్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనంలో లిన్‌ప్యాక్ ఇన్‌లైన్ తర్వాత నెమ్మదించడానికి కారణం ఇదే. ఇండెక్సులు వేరే అర్రే నుంచి వచ్చే కోడ్‌లో అలాంటి రుజువు నేటి కంపైలర్లకూ దొరకదు, నీ కోడ్‌లో అలాంటివి ఉంటే మరింత జాగ్రత్తపడు.

సోర్సునే మార్చక తప్పకపోతే, యూరప్ వాతావరణ కేంద్రమైన ఈసీఎమ్‌డబ్ల్యూఎఫ్ రూపొందించిన లోకీ వంటి, సోర్సును మార్చే టూల్‌ను ఎంచుకో. కాల్‌కు ముందు ప్రత్యేకమైన కామెంట్ రాసి, గుర్తుపెట్టిన వాటినే దానితో ఇన్‌లైన్ చేయించవచ్చు. మూల సోర్సును మాత్రం చెక్కుచెదరనీయకు. మారిన కోడ్ ప్రతి బిల్డ్‌లోనూ దాని నుంచే కొత్తగా తయారు కావాలి.

టూల్ ఇచ్చిన కోడ్‌ను కళ్లారా చదువు. డిక్లరేషన్‌లోనే విలువ ఇచ్చిన లోకల్ వేరియబుల్‌కు ఫోర్ట్రాన్‌లో సేవ్ గుణం (ఒక కాల్‌లోని విలువ తర్వాతి కాల్‌కూ నిలిచి ఉండటం) దానంతటదే వస్తుంది కనుక, అలాంటి సబ్‌రొటీన్‌ను రెండు చోట్ల అతికిస్తే ఒక్కటిగా సాగాల్సిన లెక్క రెండుగా చీలిపోవచ్చు. మధ్యలో ఉన్న రిటర్న్, పిలిచిన రొటీన్‌నే ముగించేలా మారిందేమో కూడా చూడు.

ఫలితాల్లో చివరి అంకెలు మారితే వెంటనే టూల్‌ను తప్పుపట్టకు. గుణకారాన్నీ కూడికనూ కంపైలర్ ఒకే ఇన్‌స్ట్రక్షన్‌గా కలిపే చోట్లు ఇన్‌లైన్ వల్ల మారుతుంటాయి. అలా కలపడాన్ని అదుపుచేసే ఎఫ్ఎఫ్‌పీ-కాంట్రాక్ట్ ఆప్షన్‌ను ఆఫ్ చేసి, పాత ప్రోగ్రాంనూ కొత్తదాన్నీ మళ్లీ నడిపి పోల్చు. అప్పటికీ తేడా పోకపోతే, గుర్తుపెట్టిన కాల్స్‌ను ఒక్కొక్కటిగా తీసేస్తూ దోషం ఎక్కడుందో పట్టుకో.