అమ్మలూ, బ్లీచింగ్ బస్తా జాగ్రత్త

అమ్మలూ,

నిన్న ఫోన్లో వరద క్యాంపు డ్యూటీ వేశారత్తా అన్నావు, ఆ గోలలో ఏం చెప్పాలో తోచలేదు, అందుకే ఇప్పుడు కూర్చుని టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

బ్లీచింగ్ బస్తా నీ చేతికి వచ్చిన గంటకే పైనుంచి ఫోనొస్తుంది, ఫలానా సార్ విజిట్, రోడ్లకి కొట్టించండి అని. రెండు పక్కలా ముగ్గేసినట్టు తెల్లగా చల్లుతారు, ఫోటోలు బాగా వస్తాయి. బురదలో పడ్డ బ్లీచింగ్ బురదకే సరిపోద్ది అమ్మా. 1990 మే తుఫానప్పుడు నేనూ అదే పని చేశా, బస్తా మొత్తం బజార్లో అయిపోయింది, ఊరి చివర పేటలో మాత్రం మునిగి తేలిన చేతిపంపు నీళ్ళే తాగుతున్నారు, మూడో రోజు పొద్దున్నే వాంతులు విరేచనాలని మంచాల మీద మోసుకొచ్చారు. అందుకే ముందు తాగే నీళ్ళకి తీసి పక్కన పెట్టు, మిగిలితే రోడ్డు. తిడితే తిట్టనీ.

నీళ్ళు మట్టిగా ఉంటే పటిక తిప్పి తేరనిచ్చి, గుడ్డలో వడగట్టాకే క్లోరిన్ బిళ్ళ వెయ్యాలి, ఎన్ని లీటర్లకి ఒకటో డబ్బా మీదే ఉంటది, వేశాక అరగంట ఆగాలి. టెస్టు ట్యాంకర్ దగ్గర చేసి రిజిస్టర్లో రాసేసుకోకు, ఇంట్లో బిందెలో నీళ్ళు తీసి చూడు, మిగిలిన క్లోరిన్ లీటరుకి 0.5 మిల్లీగ్రాములు రావాలి. ట్యాంకర్లో బాగానే ఉంటది, పిల్లలు చేతులు ముంచిన బిందెలోనే మాయమైపోద్ది. మూత, పొడుగు కాడ గరిటె ఇప్పించు. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ మేడల మీద ఉన్నోళ్ళకి తాగడానికి ప్యాకెట్లు పడవల్లో అందాయి, సరే, మరి గిన్నెలు, పిల్లల సీసాలు దేంతో కడుక్కుంటారు? ఎవరూ అడగరు, నువ్వు అడుగు.

ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం గ్లాసుడు నీళ్ళల్లో కలిపేస్తారు, లీటరు బాటిల్ చూపించి నీ చేత్తో ఒకసారి కలుపు. పిల్లలకి విరేచనాలు ఆగినా జింక్ 14 రోజులూ వెయ్యమను. దాతలు పాలడబ్బాలు తెస్తారు, మంచోళ్ళే పాపం, కానీ తల్లిపాలు తాగే బిడ్డ ఉన్న ఇంటికి వాటిని పోనీకు.

77 ఉప్పెన తర్వాత దివిసీమలో శవాల కంపుకి రోగాలొస్తాయని జనం హడలిపోయారని మా నాన్న చెప్పేవాడు. నీళ్ళల్లో పోయినోళ్ళ శవాల వల్ల ఊరంతా కలరా పుట్టదు, మోసేవాళ్ళకి గ్లౌజులు, బూట్లు ఇప్పించు చాలు, ఫోటో తియ్యకుండా, ఆనవాళ్ళు రాయకుండా హడావుడిగా పూడ్చనీకు. ఇంటోళ్ళు తర్వాత వెతుక్కుంటూ వస్తారు.

క్యాంపులో మొదటి సాయంత్రమే బీపీ, షుగర్, టీబీ మందులు నీళ్ళల్లో పోయినోళ్ళెవరు, ఈ నెల్లో నెలలు నిండేదెవరు అని తిరిగి రాసుకో, తిరక్కపోతే వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. నీళ్ళు తీశాక కొత్త గొడవలు, జ్వరంతో పిక్కలు పీకి కళ్ళెర్రబడితే ఎలుకజ్వరమేమో, డాక్టరుకి చూపించు, తాత్సారం వద్దు. పాము కరిస్తే కట్టు బిగించి మంత్రం వేయించనీకు, విరుగుడు ఇంజెక్షన్ ఏ ఆసుపత్రిలో ఉందో వెళ్ళిన రోజే కనుక్కో.

గమ్‌బూట్లు మగాళ్ళ సైజే ఇస్తారు, రెండు జతల సాక్సులు పెట్టుకో. పవర్‌బ్యాంక్ మర్చిపోకు, మీ అమ్మకి రోజూ రాత్రి ఒక మెసేజ్ పెట్టు, లేకపోతే నా ప్రాణం తీస్తది.

మీ అత్త