కుళ్లనివ్వని నీళ్లు: కొబులేతి గురించి మీరు అడిగినవి

గత సంచికలో ఈ శీర్షిక చివర నాలుగు మాటలు రాశాను. మా అమ్మాయి వైద్యవిద్య చదువుతున్న జార్జియాలోని బతూమికి అక్టోబరులో వెళ్లాననీ, అక్కడికి పాతిక కిలోమీటర్ల ఉత్తరాన నల్ల సముద్రం ఒడ్డున కొబులేతి అనే ఊళ్లో నాలుగు రోజులు గడిపాననీ, అక్కడ పీట్ అనే చిత్తడి నేల మీద నడిచాననీ, ముప్పై ఏళ్లు భూగోళశాస్త్రం బోధించిన నాకు అక్కడ మళ్లీ అక్షరాభ్యాసం జరిగినట్టయిందనీ. ఆ నాలుగు మాటలకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఈసారి శీర్షిక మొత్తం కొబులేతికే కేటాయిస్తున్నాను. జార్జియా అంటే ఇక్కడ అమెరికాలోని రాష్ట్రం కాదు, కాకసస్ పర్వతాల కింద ఉన్న దేశం.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి బతూమిలో వైద్యవిద్య రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఎప్పుడు ఫోను చేసినా వాన పడుతోందనే అంటాడు. జూన్‌లోనూ వానే, డిసెంబరులోనూ వానే. ఉతికిన బట్టలు ఆరవట. అక్కడ వానాకాలమని విడిగా ఒకటి ఉండదా? (ఒక తల్లి, కరీంనగర్)

జవాబు: ఉండదమ్మా. మీ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. వసంతంలో కాస్త తెరిపి ఇస్తుంది, సెప్టెంబరు నుంచి బాగా పెరుగుతుంది, అంతే. వాన పడని నెల అంటూ లేదు.

కారణం ఆ నేల తీరులోనే ఉంది. పడమట నల్ల సముద్రం. తూర్పున, ఒడ్డు నుంచి ఎంతో దూరం పోకుండానే, కొండలు నిటారుగా లేస్తాయి. సముద్రం మీది తేమను మోసుకొచ్చిన పడమటి గాలికి ఆ మూలలో పక్కకు తప్పుకునే దారి లేదు. కొండ ఎక్కాలి, చల్లబడాలి, మోసుకొచ్చినదంతా అక్కడే దింపుకోవాలి. మన పడమటి కనుమల మీద నైరుతి మేఘం నాలుగు నెలలు చేసే పనిని అక్కడి గాలి ఏడాది పొడవునా చేస్తుంది. ఉత్తరాన కాకసస్ పెద్ద గోడలా నిలబడి రష్యా వైపు నుంచి వచ్చే చలిగాలిని అడ్డుకుంటుంది. అందుకే తీరంలో శీతకాలం కూడా అంత కఠినంగా ఉండదు.

అంకెల్లో చెబితే, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది. బతూమిలో 2,400 దాటుతుంది. కొబులేతి వెనక కొండల్లో మ్తిరాలా అనే శిఖరం ఉంది. అక్కడ 4,000 పైమాటే. జార్జియన్ భాషలో మ్తిరాలా అంటే 'ఏడ్చేది' అని అర్థం. నేను వెళ్లిన రోజు ఆ కొండ కనిపించనే లేదు. అది ఉండాల్సిన చోట తెల్లటి ఆవిరి మాత్రం ఉంది. దారి పక్కన ప్రతి చెట్టు బోదెకూ అరచేతి మందాన నాచు పట్టి, ఆ నాచులోంచి ఫెర్న్ మొక్కలు మొలిచి ఉన్నాయి. మంచుయుగాల్లో ఐరోపా అడవులు చాలావరకు తుడిచిపెట్టుకుపోయినా, ఈ తడి మూల వెచ్చగా ఉండటంతో కొన్ని పాతకాలపు చెట్ల జాతులు ఇక్కడ తలదాచుకుని బతికి బయటపడ్డాయి. ఈ అడవులనూ, తీరంలోని బురద నేలలనూ కలిపి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మీకు ఇంకొక మాట చెప్పాలి. ఆ తీరానికి కాస్త ఉత్తరాన ఫాసిస్ అనే నది ఉండేది. ఇప్పుడు రియోని అంటున్నారు. దాని పరిసరాల గురించి గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరు మీద నిలిచిన ఒక వైద్య గ్రంథంలో, దాదాపు 2,400 ఏళ్ల కిందటే, 'అన్ని ఋతువుల్లోనూ ఎడతెగని వాన' అన్న అర్థంలో రాసి ఉంది. రేపు మీ అబ్బాయి ఆ మహానుభావుడి పేరు మీదే ప్రమాణం చేస్తాడు కదా. ఈసారి ఫోనులో వాన సంగతి ఎత్తితే ఈ మాట చెప్పండి. వానలు ఆగకుండా పడిన రోజుల్లో స్నేహితులతో కొండలోయల్లోకి వెళ్లవద్దని కూడా గట్టిగా చెప్పండి. బతూమి, కొబులేతి ఉన్న అజారా ప్రాంతపు కొండల్లో కొండచరియలు విరిగిపడటం మామూలే.

ప్రశ్న: కడియపులంకలో నర్సరీలో పనిచేస్తాను. విదేశాల నుంచి వచ్చే పీట్ బస్తాలు వాడుతుంటాం. కొబులేతిలో పీట్ నేల మీద నడిచానని రాశారు. పీట్ అంటే మట్టేనా? దాని మీద నడవడంలో అంత విశేషం ఏముంది? (ఒక పాఠకుడు, తూర్పు గోదావరి)

జవాబు: అన్ని ఉత్తరాల్లోనూ నాకు ఎక్కువ సంతోషం కలిగించిన ప్రశ్న ఇది. రోజూ చేతుల్లో పడే వస్తువు ఎక్కడిదని అడిగారు.

పీట్ మట్టి కాదు. చచ్చిపోయినా కుళ్లకుండా ఉండిపోయిన మొక్క. మీ బస్తాలో ఉండేది చాలావరకు స్ఫాగ్నం అనే నాచు. కొబులేతి ఊరికి ఆనుకుని, సముద్రానికి దగ్గర్లోనే ఇస్పానీ అనే చిత్తడి ఉంది. అక్కడ సంరక్షణ కేంద్రం వాళ్లు కాళ్లకు కట్టుకోవడానికి వెడల్పాటి పలకలు ఇస్తారు. అవి లేకపోతే మోకాలి దాకా దిగబడతాం. మొదటి అడుగు వేయగానే నేల కిందికి వంగింది. పక్కన రెండు గజాల దూరంలో ఉన్న గడ్డి దుబ్బు కూడా తల ఊపింది. కొత్త దూది పరుపు మీద నడిచినట్టే ఉంది, కాకపోతే పరుపు నిండా నీళ్లు. మార్గదర్శి అనుమతితో గుప్పెడు నాచు తీసి పిండాను. మన పీచుమిఠాయి ముద్దంత కూడా లేదు, దాదాపు లోటాడు నీళ్లు కారాయి. గోధుమరంగులో, పలచటి టీ డికాషన్‌లా ఉన్నాయి. వాసన చూశాను. కుళ్లు వాసన ఏ కోశానా లేదు. పిండిన నాచును మళ్లీ అక్కడే ఉంచి తడి మీద వత్తి పెట్టాను.

అది జరిగే తీరు ఇది. స్ఫాగ్నం ఆకుల్లో సగానికి పైగా ఖాళీ గదులే. తన ఎండు బరువుకు పదిహేను, ఇరవై రెట్ల నీళ్లు పట్టి ఉంచుతుంది. పైగా చుట్టూ ఉన్న నీటిని పుల్లగా మారుస్తుంది. పుల్లటి నీటిలో, గాలి ఆడని చోట, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పని చేయలేవు. కింద నాచు చనిపోతుంది, పైన కొత్తది పెరుగుతుంది. ఏడాదికి ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందం చేరుతుంది. చిత్తడిలో జానెడు మందం పీట్ చేరడానికి ఇంచుమించు రెండు శతాబ్దాలు పడుతుందని లెక్క.

ఇంతవరకు ఏ పీట్ నేలకైనా వర్తిస్తుంది. ఇస్పానీ ప్రత్యేకత వేరే ఉంది. మామూలుగా అడుగున ఉన్న పీట్ బరువుకు నలిగి గట్టిపడుతుంది, వాన నీరు పైపైనే జారిపోతుంది. ఇస్పానీలో పక్కపక్కనే రెండు చిత్తడులున్నాయి, వాటిలో రెండోది అలా కాదు. ఏడాది పొడవునా వాన పడుతూ ఉండటం వల్ల నాచు ఎప్పుడూ తడిగానే ఉంటుంది, అందుకని కుళ్లడం మరీ తక్కువ. లోపల కూడా గుల్లగా, స్పాంజిలా మిగిలిపోయింది. పైన పడిన నీరు ఆ గుల్లలోంచి మెల్లగా ఇంకుతూ అంచుల వైపు ప్రయాణిస్తుంది. నీరు పెరిగితే నేల పొంగుతుంది, తగ్గితే కుంగుతుంది. వాన నీటి మీదే బతుకుతూ ఇలా లోలోపల నీటిని పారించే చిత్తడిని జర్మనీ నుంచి వచ్చిన పీట్ శాస్త్రవేత్తలు ఇక్కడే గుర్తించారు. వాళ్ల రంగంలో కొబులేతి పేరు తెలియనివారు ఉండరు.

ఈ ఊరికి ఉస్మానీ తుర్కుల కాలంలో ఒక పేరు ఉండేది: చురుక్‌సు. తుర్కీ భాషలో 'చురుక్' అంటే కుళ్లిన, 'సు' అంటే నీళ్లు. దోమలూ, మలేరియా ఉన్న చిత్తడి పక్కన బతికినవాళ్లకు ఆ నీళ్లు అలాగే అనిపించి ఉంటాయని నా ఊహ, వాళ్లను తప్పుపట్టలేను. కానీ ఆ పేరు విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వేల ఏళ్ల కిందటి పుప్పొడి రేణువు కూడా చెక్కుచెదరకుండా దొరికే నీళ్లకు పెట్టిన పేరు అది!

పక్కనే ఉన్న మొదటి చిత్తడిలో సోవియట్ కాలంలో కాలువలు తవ్వి నీరు తీసేశారు. నీరు తీసిన పీట్‌కు గాలి తగులుతుంది, అప్పుడు నిజంగానే కుళ్లుతుంది, దాచుకున్న బొగ్గుపులుసు వాయువును వదిలేస్తుంది. ప్రపంచ భూభాగంలో పీట్ నేలలు మూడు శాతమే. అయినా అడవుల చెట్లన్నిటిలో ఉన్న కర్బనానికి రెట్టింపు వాటిలో ఉంది. అందుకని మీకు నా విన్నపం. కోనసీమ మీకు కూతవేటు దూరంలో ఉంది, కొబ్బరి పొట్టుకు కొదవ లేదు. పొట్టును మంచినీళ్లతో రెండు మూడు సార్లు కడిగి ఉప్పు పోగొడితే చాలా మొక్కలకు సరిపోతుంది. పుల్లటి నేల కావాల్సిన మొక్కలకు మాత్రం పీట్ పక్కన పెట్టుకోండి. మీ యజమాని ఏమంటారో నాకు రాయండి.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. 541లో పెట్రా కోటను పర్షియన్లు పట్టుకున్నారని ఒకచోట చదివాను. జోర్డాన్‌లోని పెట్రాయేనా? (ఒక విద్యార్థి, గుంటూరు)

జవాబు: కాదు. ఇది కొబులేతికీ బతూమికీ మధ్య త్సిఖిస్‌జిరి అనే పల్లెలో ఉంది. ఆ పేరుకు 'కోట మొదలు' అని అర్థం. గ్రీకులో పెట్రా అంటే రాయి, అందుకే రెండు చోట్లా అదే పేరు. బైజాంటియం చక్రవర్తి జస్టీనియన్ 535 ప్రాంతంలో దీన్ని కట్టించాడు. అక్కడి అధికారి త్సిబస్ వ్యాపారమంతా తన గుప్పిట్లో పెట్టుకోవడంతో స్థానిక లాజికా రాజు గుబాజెస్ విసిగిపోయి పర్షియా రాజు ఖుస్రోను పిలిచాడు. 541లో కోట పర్షియన్ల పాలైంది.

పరీక్షకు అంత చాలు. కానీ నీళ్ల కథ చెప్పకుండా ఉండలేను. ప్రొకోపియస్ అనే ఆ కాలపు చరిత్రకారుడు రాశాడు. 551లో బెస్సాస్ అనే బైజాంటియం వృద్ధ సేనాని పర్షియన్ల చేతిలో ఉన్న కోటను ముట్టడించి ముందుగా నీటి గొట్టం నరికించాడు. లోపల దాహం లేదు. ఖైదీ ఒకడు గుట్టు విప్పితే తవ్వి చూశారు, కింద ఇంకొక గొట్టం ఉంది. దాన్నీ నరికారు. అయినా దాహం లేదు. కోట చేతికి వచ్చాక గానీ తెలియలేదు: పర్షియన్లు లోతైన కందకం తవ్వి అట్టడుగున ఒకటి, నడుమ ఒకటి దాచి, మూడోది అందరికీ కనిపించేలా పైన పెట్టారు. డెబ్బై దాటిన బెస్సాస్ నిచ్చెన మీంచి కిందపడి, లేచి మళ్లీ ఎక్కాడట. గెలిచాక ఆయనే గోడలను నేలమట్టం చేయించాడు. ఇప్పుడు మిగిలిన పునాదుల పక్కన నిలబడితే కింద సముద్రం, రైలు పట్టాలు కనిపిస్తాయి.

ప్రశ్న: నల్ల సముద్రం నిజంగా నల్లగా ఉంటుందా? ఈదవచ్చా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: నల్లగా ఉండదు, మబ్బు పట్టిన రోజున సీసం రంగు. ఉప్పు మన బంగాళాఖాతంలో ఉన్నంత కూడా ఉండదు. కొబులేతి ఒడ్డున ఇసుక లేదు, గుండ్రటి గులకరాళ్లే. ఒట్టి కాళ్లతో నడవలేం. వేసవిలో ఈదుతారు. అల వెనక్కి పోయేటప్పుడు రాళ్లన్నీ దొర్లి చేసే చప్పుడు మన రామకృష్ణా బీచ్‌లో వినలేరు.

ప్రశ్న: అంత వాన పడే చోట టీ పండాలి కదా? (ఒక విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: పండింది. కొబులేతి మునిసిపాలిటీ అంటే ఊరొక్కటే కాదు, తీరం నుంచి కొండల దాకా ఎన్నో పల్లెలు. అందులో చక్వి ఒకటి. 1893లో పొపోవ్ అనే రష్యన్ టీ వర్తకుడు చైనా నుంచి లియు జున్‌జౌ అనే నిపుణుణ్ణి బృందంతో సహా అక్కడికి రప్పించాడు. 1900 పారిస్ ప్రదర్శనలో ఆ టీకి బంగారు పతకం వచ్చింది. లియు ముప్పై ఏళ్లకు పైగా అక్కడే ఉండి 1926లో స్వదేశం వెళ్లిపోయాడు. సోవియట్ కాలంలో ఆ దేశపు టీలో ఎక్కువ భాగం జార్జియాదే. యంత్రాలతో ఆకు కోసి, నాణ్యత చూడకుండా బరువు చూసి కొన్నారు. 1991 తర్వాత కొనేవాడే లేకుండా పోయాడు. ఇప్పుడు చాలా తోటలు ఫెర్న్‌లలో కలిసిపోయాయి. రైతులు ఎక్కువగా మాండరిన్ నారింజ పండిస్తున్నారు, కోత నవంబరులో.

నేను దిగిన ఇంటి పెద్దావిడ పెరట్లో మాత్రం మూడు టీ మొక్కలు నిలువెత్తున చెట్లలా పెరిగి ఉన్నాయి. తెల్లటి పూలు పూశాయి. కత్తిరించకపోతే టీ అంత ఎత్తు పెరుగుతుందని పాఠంలో ఎన్నోసార్లు చెప్పాను, చూడటం అదే మొదటిసారి. చిన్నప్పుడు బడి వదలగానే ఆకు కోయడానికి వెళ్లేదాన్నని ఆమె చెబితే మా అమ్మాయి నాకు అనువదించింది. మాట్లాడుతూనే ఆవిడ ఒక కొమ్మ వంచి, చివర రెండు ఆకులూ ఒక మొగ్గా గోటితో తుంచి నా అరచేతిలో పెట్టింది.