దోనెకు దీర్ఘం, దొన్నెకు ద్విత్వం

సందేహం: చెట్టు మానును తొలిచి చేసిన పడవను ‘డగౌట్ కెనూ’ అని రాస్తున్నారు. తెలుగులో మాట లేదా? ఒకచోట ‘దొన్నె’ అని చదివాను. సరైనదేనా?

సమాధానం: మాట ఉంది. దోనె. దొన్నె ఆకులతో కుట్టే గిన్నె, దానికీ పడవకూ పొత్తు కలపకండి.

దోనెను ‘ద్రోణి’కి తద్భవంగా చెబుతారు. ద్రోణి అంటే కొయ్య తొట్టి. వాతావరణ వార్తల్లోని ‘అల్పపీడన ద్రోణి’లో ఉన్నదీ ఆ మాటే, పొడవాటి పల్లం అని భావం. చిన్న పలకల పడవనూ దోనె అనడం వాడుకలో ఉంది, తప్పనలేం. సందిగ్ధం వద్దనుకుంటే ‘ఒంటిమాను దోనె’ అనండి. నెదర్లాండ్స్‌లోని పెస్సె దగ్గర 1955లో బయటపడ్డది అలాంటిదే: పైన్ మాను, పొడవు 298 సెంటీమీటర్లు, వయసు సుమారు పదివేల ఏళ్లు. నైజీరియాలో 1987లో దొరికిన దుఫునా దోనె పొడవు 8.4 మీటర్లు. వీటిని ‘తెప్ప’ అనడం మాత్రం పొరపాటే. తెప్ప దుంగలను పక్కపక్కన కట్టింది, అందులో తొలిచేదేమీ లేదు.

క్రియ కూడా ‘తొలుచు’ అనే వాడండి, ‘చెక్కు’ కాదు. పని చూస్తే కారణం తెలుస్తుంది. మాను పైభాగాన్ని చదును చేసి నిప్పు పెట్టి, మాడినంత మేర బాడిసతో గీకి, మళ్లీ కాలుస్తారు. అంచులు అంటుకోకుండా తడిమట్టి మెత్తుతారు. అడుగు ఎంత మందం మిగిలిందో పైనుంచి కనబడదు కదా! అందుకని కొన్నిచోట్ల బయటినుంచి ఒకే లోతుకు రంధ్రాలు వేసి కొయ్య చీలలు దిగ్గొట్టేవారు. లోపల తొలుస్తుంటే చీల కొన తగలగానే ఆగాలి. పచ్చిమాను త్వరగా ఆరితే కొసల దగ్గర పగులుతుంది, తేమ ముందు అక్కడినుంచే పోతుంది గనక. వాడనప్పుడు నీళ్లలో ముంచి ఉంచేది అందుకే.

తాటిమాను బయట గట్టి, లోపల మెత్తని పీచు, తొలచడం తేలిక. ఉబ్బుగా ఉండే మొదలు ఒక కొసను మూస్తుంది, కోసిన రెండో కొసను మట్టితోనో పలకతోనో మూయాలి. కొల్లేటి తాటిదోనెలు ఇవే. అడుగు గుండ్రన, వెడల్పు తక్కువ కాబట్టి ఒక్కటే అయితే ఇట్టే ఒరుగుతుంది. రెంటిని పక్కపక్కన కట్టేస్తే నిలకడ వస్తుంది. ఆ జంటదోనెను ‘సంగడి’ అంటారు. సంగడి అంటే జత. స్నేహితుణ్ణి ‘సంగడికాడు’ అనేదీ ఈ మాటతోనే.