ఓడ కట్టబోయే తమ్ముడికి

తిరుపతి

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పనిచేసిన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ నమూనాను కిట్టు కొనకుండా మొదటి నుంచీ సొంతంగా కడతానని రాశావు. ఏ స్కేలు తీసుకోవాలి, ఏ చెక్క వాడాలి అని అడిగావు. ఆ రెండిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. ఏ సంవత్సరపు రాజ్‌పుత్‌ను కడుతున్నావు?

యుద్ధనౌక అయిన ఆ ఓడ 1980 మే 4న అప్పటి సోవియట్ జార్జియాలోని పోటి రేవులో నౌకాదళంలో చేరింది, 2021 మే 21న విశాఖలో సెలవు తీసుకుంది. ఇన్నేళ్ళలో ఒక్క రూపంలో ఉండలేదు. మొదట్లో నాలుగు పాత క్షిపణులకు నాలుగు విడి గొట్టాలుండేవి. బ్రహ్మోస్ వచ్చాక పక్కల ఉన్న రెండు గొట్టాలు తీసేసి, వాటి చోట రెండేసి క్షిపణులు పట్టే పెట్టెలు బిగించారు. ఓ కాలపు మాస్టు (రేడార్లు మోసే స్తంభం), ఇంకో కాలపు క్షిపణులు కలిపి కడితే అట్లాంటి ఓడ ఏనాడూ సముద్రంలో లేదన్నమాట. నువ్వు ఓడలో ఉన్న కాలంలోంచి ఒక్క ఏడాది ఎంచుకో. ఆ ఏడాది ఫోటోలు ఒక సంచిలో, మిగతావి ఇంకో సంచిలో పెట్టు.

జ్ఞాపకాన్ని నమ్మొద్దు. ఓడలో పనిచేసినవాడికి ఓడ లోపల తెలుస్తుంది, బయట తెలియదు. ఇంజన్ రూములో నువ్వు కళ్ళు మూసుకుని నడుస్తావు, సరే. ముందు జత చిమ్నీలకూ వెనక జతకూ మధ్య దూరం ఎంతో చెప్పమంటే తడుముకుంటావు. అందులో తప్పేం లేదు, అందరిదీ అంతే. చిక్కేమిటంటే, నీకు బాగా గుర్తున్న భాగం చేతికి తెలీకుండానే పెద్దదైపోతుంది. ఫోటోలో కొలిచింది ఒకటి, నీ గుర్తు ఇంకోటి అయితే ఫోటో మాటే విను. అదీ పక్క నుంచి, దూరం నుంచి తీసిన ఫోటో అయితేనే. దగ్గర నుంచి తీస్తే ముందుభాగం సాగి కనిపిస్తుంది.

డ్రాయింగుల సంగతి. రాజ్‌పుత్‌కు మూలమైన సోవియట్ కాశిన్ తరగతి, అంటే ప్రాజెక్ట్ 61, బొమ్మలు తేలిగ్గా దొరుకుతాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు వాడితే నీది రాజ్‌పుత్ కాదు. మనవి 61ఎంఈ, అంటే దాన్నే మార్చి మనకోసం కట్టిన రకం. అసలు కాశిన్ 144 మీటర్లు, మనది దాదాపు 147. వాళ్ళకు వెనకవైపు కూడా 76 మి.మీ. జంట తుపాకీ ఉంటుంది. మనదాంట్లో అది లేదు, ఆ చోట హెలికాప్టర్‌కు హ్యాంగర్, డెక్కు వచ్చాయి. కాబట్టి పొట్ట, అంటే డెక్కు కిందున్న ఒళ్ళు, ఆకారానికి ఆ బొమ్మ తీసుకో, వెనక మూడో వంతు ఫోటోలు చూసి మళ్ళీ గీసుకో. సర్వీసు నాటి కాగితాలు ఏవైనా ఎవరి దగ్గరైనా ఉన్నాయన్నా వాటి జోలికి పోవద్దు. బయట దొరికేవే నీకు ఎక్కువ.

ప్రింటు తీయించేటప్పుడు బొమ్మ మీద నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి 10 సెం.మీ. గీతలు వేయించు. రోలు మెషీన్లు పొడవువైపు కాగితాన్ని రవంత సాగదీస్తాయి. ఒక్క శాతం తేడా వచ్చినా మొత్తం పొడవులో ఒకటిన్నర సెంటీమీటరు పోతుంది. ఇంటికి తెచ్చాక కాదు, అంగట్లోనే స్టీలు స్కేలు పెట్టి చూసుకో.

ఇక స్కేలు. 1:100 పెట్టుకో, అసలు ఓడలో మీటరు నీకు సెంటీమీటరు. పొడవు 147 సెం.మీ., వెడల్పు 15.8 సెం.మీ., లెక్క నోటితో అయిపోతుంది. 1:72కు పోతే పొడవు రెండు మీటర్లు దాటుతుంది, నీళ్ళలో సరైన లోతుకు తేలడానికి 13 కిలోల బరువు కావాలి. 1:50 అయితే దాదాపు మూడు మీటర్లు, 40 కిలోలు. ముందు మీ మిద్దె మెట్ల మలుపు కొలువు. పెట్టెతో సహా 165 సెం.మీ. పొడవు అక్కడ తిరగాలి.

చెక్క. ఫ్రేములకు, అంటే ఓడకు పక్కటెముకల్లాంటి అడ్డపలకలకు, 4 మి.మీ. మెరైన్ ప్లైవుడ్, ఐఎస్ 710 ముద్ర ఉన్నది. వాటి మీద పొడవునా అతికే పట్టీలకు నార సూటిగా ఉన్న గుమ్మడి టేకు. ముక్కు దగ్గర, వెనక కొస దగ్గర నింపడానికి పొనికి. కొండపల్లి బొమ్మలు చేసేది దాంతోనే, కత్తికి వెన్నలా లొంగుతుంది. తుపాకీ గోపురాల్లాంటి గుండ్రటివాటికి ఏటికొప్పాక వాళ్ళు లేతుకు ఎక్కించే అంకుడు బాగుంటుంది. ఎర్రచందనం ముక్క ఎవరో ఇస్తామన్నారని మురిసిపోకు. కేసు సంగతి అట్లుంచు, అది నీళ్ళలో మునిగే చెక్క, ఓడకు పనికిరాదు.

పట్టీలు 2 మి.మీ. మందం, 8 మి.మీ. వెడల్పు. ఒక్కో పక్కకు ఇరవై వరకు పడతాయి, తరుగుతో కలిపి 70 మీటర్లు కోయించు. రంపం పళ్ళ మందం కూడా రెండు మిల్లీమీటర్ల పైనే ఉంటుంది కాబట్టి సగం చెక్క రంపపు పొట్టుగా పోతుంది. లెక్కకు రెట్టింపు కొనాలి. కోయించిన పట్టీలను కట్టగట్టి నువ్వు పనిచేసే గదిలోనే నెలరోజులు పెట్టు. కార్తీక మాసపు తేమలో అతికిన పట్టీలు ఏప్రిల్‌లో ఎండి, సందులు నోళ్ళు తెరుస్తాయి. మన తిరుపతి, చిత్తూరు వైపు ఇదే పెద్ద గొడవ.

పొట్ట దగ్గర తొందరపడితే పైన ఎంత పనితనం చూపించినా వృథా. 25 మి.మీ. మందం బల్ల ఒకటి సిద్ధం చేసుకో, మధ్యలో దారం లాగి గీత గీయి. ఓడను తలకిందులుగా కట్టాలి. మధ్యలో ప్రతి 6 సెం.మీ.కు ఒక ఫ్రేము, ముక్కు దగ్గరా వెనకా 3 సెం.మీ.కు ఒకటి. డ్రాయింగులో గీత ఓడ బయటి అంచుది. అందుకని ప్రతి ఫ్రేమునూ చుట్టూ పట్టీ మందం, అంటే 2 మి.మీ., తగ్గించి కోయాలి. పైన వేసే గుడ్డ మందం ఇంకో పావు మిల్లీమీటరు అనుకో. ఇది మర్చిపోతే వెడల్పు 15.8 కాస్తా 16.2 దాటుతుంది, పైకట్టడం ఏదీ సరిపోదు. ఈ ఓడకు డెక్కు ముక్కు నుంచి వెనకదాకా ఒకే వంపు, మధ్యలో మెట్టు లేదు. ఆ వంపు ఒక్కచోట ఎగుడుదిగుడైనా పది అడుగుల దూరం నుంచే పట్టేస్తారు. పట్టీలు వేయకముందే ఒక సన్నని బద్ద ఫ్రేముల మీద వంచి పెట్టి, కన్ను బల్ల ఎత్తుకు దించి చూడు. బద్ద ఆనని ఫ్రేముకు చెక్క అతికించు, పైకి తన్నేదాన్ని రుద్దు.

పట్టీ ఎడమన ఒకటి వేస్తే వెంటనే కుడిన ఒకటి వేయాలి. ఒక పక్కే నాలుగు వేసి భోజనానికి పోతే, వచ్చేసరికి కీల్, అంటే ఓడ అడుగు వెన్నుపూస, అరటికాయలా వంగి ఉంటుంది. దాన్ని సరిచేసే దారి లేదు, విప్పాల్సిందే. ముక్కు దగ్గర చుట్టుకొలత తగ్గుతుంది కనుక పట్టీని కోసుగా చెక్కాలి, కానీ సగం వెడల్పుకన్నా సన్నం చేయొద్దు. అంతకన్నా తగ్గాల్సి వస్తే రెండు పట్టీలను కలిపి ఒకటిగా మార్చు. మామూలు తెల్ల ఫెవికాల్ తేమకు వదులుతుంది, మెరైన్ రకం తీసుకో. ఫెవిక్విక్ పట్టీని పట్టి ఉంచడానికి మాత్రమే.

పట్టీలు పూర్తయ్యాక బయట 100 గ్రాముల గ్లాసు గుడ్డ రెండు పొరలు, ఎపాక్సీతో. చదరపు మీటరు గుడ్డ, 300 గ్రాముల ఎపాక్సీ చాలు. లోపల గుడ్డ లేకుండా ఒక పూత. ఎపాక్సీని గ్రాముల కాటాలో తూచి కలుపు. తొందరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎప్పటికీ జిగటగానే ఉంటుంది. వేసవిలో పొద్దున ఏడు లోపు ముగించు, ఎండెక్కితే గిన్నెలోనే ఉడికిపోతుంది. నీళ్ళ ట్యాంకులు చేసేవాళ్ళ దగ్గర దొరికే పాలిస్టర్ రెసిన్ చవకే, కానీ కొన్నాళ్ళకు చెక్క నుంచి పొరలా లేస్తుంది. వాడక తప్పకపోతే ముందు రెసిన్‌లో కోబాల్ట్ (గట్టిపడడాన్ని తొందరచేసే మందు) పూర్తిగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలొచ్చు కూడా. ఒకే అలమరలో పక్కపక్కన పెట్టొద్దు.

డెక్కు మీది గదులు, అంటే పైకట్టడానికి, 1 మి.మీ. స్టైరీన్ ప్లాస్టిక్ షీటు. 17 మి.మీ. పుల్ల ఒకటి కోసి జేబులో వేసుకో, అదే నీ నావికుడు. ప్రతి తలుపు పక్కనా, ప్రతి మెట్ల పక్కనా నిలబెట్టి చూడు. వాడు దూరలేని తలుపు తప్పు తలుపు. గ్లూగన్ జోలికి పోవద్దు, మే నెలలో అతికినవన్నీ ఊడి పడతాయి.

చిన్న సామాన్లకు దూరం పోనక్కర్లేదు, మందుల అంగట్లో దొరుకుతాయి. జలాంతర్గాముల మీదికి పేల్చే ఆర్‌బీయూ రాకెట్ లాంచర్ గొట్టం 213 మి.మీ., మన లెక్కలో 2.1. పశువులకు వాడే 14 గేజి సూది బయటి కొలత సరిగ్గా అంతే. ఒక్కో లాంచర్‌కు 12, రెండిటికి 24 ముక్కలు. ముందున్న 76 మి.మీ. జంట గొట్టాలకు 18 గేజి సూది, లోపలి రంధ్రం కూడా ఇంచుమించు సరిపోతుంది. 30 మి.మీ. తుపాకులకు 25 గేజి. కటింగ్ ప్లయర్‌తో తుంచితే మూతి మూసుకుపోతుంది, చిన్న రాతి చక్రంతో కోయి. కళ్ళద్దాలు లేకుండా కోయొద్దు.

రెయిలింగు ఓర్పుకు పరీక్ష. 15 మి.మీ.కు ఒక నిలువు కడ్డీ చొప్పున మెయిన్ డెక్కుకే దాదాపు 200 కావాలి. కడ్డీలకు అర మిల్లీమీటరు ఇత్తడి తీగ, ఎత్తు 11 మి.మీ. అడ్డ తీగలకు 1.5 ఎంఎం కరెంటు వైరు ఒలువు. లోపల 0.3 మి.మీ. తీగలు 22 ఉంటాయి, మీటరు వైరుతో 22 మీటర్లు వస్తుంది. ఒక కొస బిగించి రెండో కొస పట్టకారుతో లాగితే తీగ సూటిగా అవుతుంది. చెక్కపలక మీద గాళ్ళు కోసుకుని అందులో పేర్చి టంకం వేయి. అతుకు పక్కన తడి దూది పెట్టకపోతే రెండోది వేసేటప్పుడు మొదటిది ఊడుతుంది. టంకం పట్టడానికి రాసిన ఫ్లక్సు ఆ రోజే కడిగేయాలి, లేకుంటే రంగు కింద పచ్చగా చిలుము లేస్తుంది. మాస్టు కూడా ఇట్లాగే, పెద్ద రేడార్ జల్లెడకు స్టీలు టీ వడపోత సరిపోతుంది.

రంగుకు కార్లకు రంగువేసే చోట గ్రే కలిపించు. అందులో పదో వంతు తెలుపు కలుపు, చిన్న బొమ్మ మీద అసలు రంగు ముదురుగా కనిపిస్తుంది. వాన ముసురులో ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పెయింటు కొడితే పాలపొరలా తెల్లబారుతుంది. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టు.

నీళ్ళలో వదలాలనుకుంటే ఆ మాట ఇప్పుడే అనుకో, తర్వాత కాదు. అసలు ఓడ నిండు బరువు 4,974 టన్నులు, సముద్రపు నీళ్ళలో. మన చెరువు మంచినీళ్ళకు లెక్కకడితే నమూనా మొత్తం బరువు 4.85 కిలోలకు తేలాలి, బ్యాటరీ మోటార్లతో సహా. పైభాగం ఎంత తేలికైతే అంత మంచిది. ఇత్తడి మాస్టు రెండొందల గ్రాములు దాటితే మలుపులో పక్కకు ఒరుగుతుంది. అడుగున బరువుకు టైర్ల అంగడిలో పడేసే సీసం బిళ్ళలు చాలు. అసలు ఓడ వేగం 35 నాట్లు, స్కేలు వర్గమూలం లెక్కన నీది మూడున్నర నాట్లు పోవాలి, మనిషి చకచకా నడిచినంత. అంతకన్నా ఉరికితే బొమ్మ పడవలా కనిపిస్తుంది.

ఫ్రేముల ప్రింటు రాగానే మధ్య ఫ్రేము ఒక్కటి అట్ట మీద కోసి, వెడల్పు కొలిచి నాకు రాయి. 15.4 దగ్గర వస్తే ప్లైవుడ్ మీద రంపం పెట్టు.

ఇట్లు,
అన్న