లాసెన్‌లో పిల్లలతో ఈత, క్యాంపింగ్: మే నెల కంటే ఆగస్టు మేలు

మే నెలాఖరులో మెమోరియల్ డే సెలవులకు శాక్రమెంటో నుంచి రెండు కుటుంబాలు కలిసి ఉత్తర కాలిఫోర్నియాలోని లాసెన్ వోల్కానిక్ నేషనల్ పార్కుకు వెళ్లాలని, పిల్లలు సరస్సులో ఈత కొట్టాలని, రెండు రాత్రులు టెంట్లలో ఉండాలని మీరు రాశారు. పార్కు మంచి ఎంపికే గానీ తేదీలు మార్చుకోమని నా సలహా. పార్కు మధ్యగా పోయే రోడ్డు లాసెన్ శిఖరం దగ్గర 8,500 అడుగుల ఎత్తుకు చేరుతుంది. చలికాలమంతా పేరుకున్న మంచు తొలగించి దాన్ని పూర్తిగా తెరిచేసరికి తరచుగా జూన్ వస్తుంది, మంచు ఎక్కువ కురిసిన ఏడాది జూలై కూడా అవుతుంది. రోడ్డు తెరిచారు కదా అని నీళ్లు వెంటనే వెచ్చబడవు. అందుకే మేము పిల్లలను తీసుకువెళ్లేది ఆగస్టులోనే.

చాలామంది పార్కులోని మంజనీటా సరస్సు దగ్గర టెంటు స్థలం బుక్ చేసుకుంటారు. అక్కడ దుకాణం, వేడినీళ్ల స్నానాల సౌకర్యం, అద్దెకు కయాకులు (తెడ్డుతో నడిపే చిన్న పడవలు) ఉంటాయి. లాసెన్ శిఖరం నీళ్లలో కనిపించే దృశ్యం కూడా అక్కడిదే. అయితే మీకు ఈత ముఖ్యమైతే, అక్కడికి సుమారు 12 మైళ్ల దూరంలో ఉన్న సమ్మిట్ లేక్ నాకు ఎక్కువ నచ్చుతుంది. చిన్న సరస్సు, టెంటు నుంచి ఒడ్డుకు నడిచి వెళ్లవచ్చు, పిల్లలు మన కళ్ల ముందే ఉంటారు. స్నానానికి మాత్రం కారులో మంజనీటాకు వెళ్లాల్సిందే.

ఈత విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఆగస్టులో కూడా వెచ్చగా ఉండేది పైనున్న నీరు మాత్రమే, కాస్త కిందికి వెళితే కాళ్లకు చల్లదనం కొడుతుంది. చల్లటి నీటిలోకి ఒక్కసారిగా దూకితే మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పి, ఈత బాగా వచ్చినవాళ్లు కూడా నీళ్లు మింగే ప్రమాదం ఉంది. కాబట్టి దూకకుండా నెమ్మదిగా, నడుము లోతు వరకు నడుచుకుంటూ దిగమనండి. లైఫ్‌గార్డులు ఉండరు, పెద్దవాళ్లలో ఒకరు ఫోన్ పక్కన పెట్టి ఒడ్డున కాపలా ఉండటం తప్పనిసరి. కయాక్ ఎక్కే పిల్లలు 13 ఏళ్లలోపు వారైతే లైఫ్ జాకెట్ వేసుకోవాలన్నది కాలిఫోర్నియా చట్టం. ఆ పార్కులోనే బాయిలింగ్ స్ప్రింగ్స్ లేక్ అనే మరో సరస్సు ఉంది. అది భూగర్భపు వేడికి పొగలు కక్కుతుంది, దాని దరిదాపుల్లో నీళ్లను ముట్టుకోకూడదని పిల్లలకు ముందే చెప్పండి.

ఇక వంట. సమ్మిట్ లేక్ దాదాపు 6,700 అడుగుల ఎత్తున ఉంటుంది, అక్కడ నీళ్లు సుమారు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి, కాబట్టి కందిపప్పు గిన్నెలో మెత్తగా ఉడకడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ తీసుకువెళ్లండి, లేదా మొదటి రాత్రికి ఇంటి నుంచే పులిహోర కలుపుకుని వెళ్లండి. నల్ల ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి తిండి సామాను మొత్తం క్యాంపు దగ్గరి ఇనుప పెట్టెలోనే ఉంచాలి. ఆవకాయ జాడీ సరే, టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, కొబ్బరినూనె సీసా కూడా అందులోకే వెళ్లాలి, ఎందుకంటే వాసన వచ్చేది ఏదైనా ఎలుగుకు తిండే.

ఆగస్టు వారాంతాలు త్వరగా నిండిపోతాయి, కాబట్టి ఆరు నెలల ముందే ప్రభుత్వ బుకింగ్ వెబ్‌సైటు రిక్రియేషన్ డాట్ గవ్‌లో పక్కపక్కన రెండు టెంటు స్థలాలు చూసుకోండి. కట్టెలు ఇంటి నుంచి మోసుకెళ్లకండి, వాటితో పురుగులు కొత్త అడవికి చేరతాయి. ఆగస్టుకు ఉన్న ఒకే ఒక ఇబ్బంది కార్చిచ్చు: 2021లో డిక్సీ ఫైర్ ఈ పార్కులో సగానికి పైగా భాగాన్ని కాల్చేసింది. బయలుదేరే ముందు రోజు పార్కు వెబ్‌సైటులో మంటల నిషేధం ఉందో లేదో, పొగ ఎలా ఉందో చూసుకోండి. పొగ దట్టంగా ఉంటే, ముఖ్యంగా ఉబ్బసం ఉన్న పిల్లలుంటే, ప్రయాణం మానుకోవడమే మంచిది.