లాప్‌టాప్ కొనేముందు దాని సర్వీస్ మాన్యువల్ తెరవండి

ప్రశ్న: రోజూ బ్యాగులో పెట్టుకుని తిరగడానికి లాప్‌టాప్ కొనాలి. కనీసం ఆరేళ్లు వాడాలనుకుంటున్నాను. రేపు ఏదైనా పాడైతే విడిభాగాలు దొరుకుతాయో లేదో ఇప్పుడే తెలుసుకోవచ్చా?

జవాబు: తెలుసుకోవచ్చు. ప్రాసెసర్, ర్యామ్ వివరాలు చూసే ముందు ఈ పని చేయండి. లెనోవో ‘హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్’ పేరుతో, హెచ్‌పీ ‘మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్’ పేరుతో, డెల్ ‘సర్వీస్ మాన్యువల్’ పేరుతో మోడల్‌వారీగా పీడీఎఫ్‌లు ఇస్తాయి. సపోర్ట్ సైట్లలో ఇవి ఉచితమే. వెతికేటప్పుడు సిరీస్ పేరు సరిపోదు, పూర్తి మోడల్ నంబరు కావాలి. ఒకే పేరుతో వచ్చిన రెండు తరాల మెషిన్లలో బ్యాటరీ ఒకదానిది మరొకదానికి పట్టకపోవచ్చు.

మాన్యువల్‌లో ముందు బ్యాటరీ అధ్యాయం తీయండి. కింది కవర్ తీసి, కనెక్టర్ ఊడదీసి, నాలుగైదు స్క్రూలు విప్పితే బ్యాటరీ బయటికి వస్తుందంటే మంచి డిజైన్. జిగురుతో అంటించారన్నా, మదర్‌బోర్డు తీశాకే బ్యాటరీ తీయాలన్నా ఆ మోడల్‌ను వదిలేయమనే చెబుతాను. బ్యాటరీ ఎలాగూ అరిగిపోయే భాగమే. ఆరేళ్లలో ఒకసారైనా మార్చాల్సి వస్తుంది.

తర్వాత కీబోర్డు. విడిభాగాల జాబితాలో కీబోర్డు విడిగా ఉందా, లేక ‘కీబోర్డుతో కూడిన టాప్ కవర్’ అని ఉందా చూడండి. రెండోదైతే కీబోర్డును ప్లాస్టిక్ పిన్నులు కరిగించి పై కవర్‌కు బిగించారని అర్థం. ఒక్క మీట పోయినా పై భాగం మొత్తం కొనాలి, మెషిన్ మొత్తం విప్పాలి.

ఇక ఛార్జింగ్ పోర్టు. దీన్ని చాలామంది పట్టించుకోరు. కేబుల్ కాలికి తగిలినా, ఛార్జర్ గుచ్చి ఉండగానే బ్యాగులో కుక్కినా దెబ్బ తగిలేది దీనికే. టైప్-సీ పోర్టును నేరుగా మదర్‌బోర్డు మీదే సోల్డర్ చేస్తే (లోహం కరిగించి అతికిస్తే), అది వదులైనప్పుడు హాట్ ఎయిర్ పరికరంతో తీసి కొత్తది అతకాలి. కింద ఉన్న సన్నటి రాగి ప్యాడ్లు లేచిపోతే ఆ పని ఇంకా కష్టం. అదే పోర్టు చిన్న విడి బోర్డు మీద ఉంటే ఆ బోర్డు ఒక్కటి మారిస్తే చాలు. మాన్యువల్‌లో ‘ఐ/ఓ బోర్డు’ లేదా ‘డీసీ-ఇన్ కేబుల్’ అని విడిగా కనిపిస్తే అది శుభవార్తే. అది లేకపోతే కనీసం ఛార్జింగ్ తీసుకునే టైప్-సీ పోర్టులు రెండున్న మోడల్ ఎంచుకోండి. ఒకటి పోయినా రెండోదానితో నెట్టుకురావచ్చు.

హింజ్ (మూతను కింది భాగానికి కలిపే కీలు) బొమ్మను కూడా శ్రద్ధగా చూడండి. చౌక మెషిన్లలో హింజ్ స్క్రూలు ప్లాస్టిక్‌లో పొదిగిన ఇత్తడి నట్లలోకి దిగుతాయి. హింజ్ బిగుసుకుపోయినా, మూత ఎప్పుడూ ఒక మూల పట్టుకుని తెరుస్తున్నా ఆ నట్లు ప్లాస్టిక్‌ను చీల్చుకుని బయటికొస్తాయి. తర్వాత పై కవర్ పగులుతుంది, స్క్రీన్ కేబుల్ నలుగుతుంది. కింది భాగంలో లోహపు ఫ్రేముకే హింజ్ బిగించిన డిజైన్ ఈ విషయంలో చాలా నయం. మూత తెరిచినప్పుడు మూల దగ్గర చిన్న సందు కనబడితే ఆ రోజే స్క్రూలు బిగించాలి. వాయిదా వేస్తే కవర్ మార్చాల్సిందే.

ర్యామ్ సోల్డర్ చేసి ఉంటే తర్వాత పెంచుకోలేరు కాబట్టి 16 జీబీకి తక్కువ కొనకండి, వీలైతే 32 తీసుకోండి. డేటా దాచే ఎస్ఎస్‌డీ మాత్రం విప్పి తీయగలిగే ఎం.2 స్లాటులోనే ఉండాలని పట్టుబట్టండి. మదర్‌బోర్డు చచ్చిపోయినా, ఎన్‌క్రిప్షన్ కీ (డేటాకు వేసిన రహస్య తాళం తెరిచే సంకేతం) మీ దగ్గరుంటే, దాన్ని తీసి వేరే మెషిన్‌లో పెట్టి డేటా చదువుకోవచ్చు. ఎం-సిరీస్ చిప్‌లున్న మ్యాక్‌బుక్‌లలో స్టోరేజీ బోర్డు మీదే సోల్డర్ చేసి ఉంటుంది. వాటికి రోజువారీ బ్యాకప్ తప్పనిసరి.

చివరగా విడిభాగం నంబరు పట్టుకుని వెతకండి. లెనోవోలో ఎఫ్ఆర్‌యూ నంబరు, డెల్‌లో డీపీ/ఎన్, హెచ్‌పీలో స్పేర్ పార్ట్ నంబరు అంటారు. కొత్త మోడల్ భాగాలు ఇవాళ దొరుకుతున్నంత మాత్రాన ఆరేళ్లకూ దొరుకుతాయనుకోలేం. అందుకే అదే సిరీస్‌లో నాలుగైదేళ్ల కిందటి మోడల్ నంబరుతో బ్యాటరీ, ఫ్యాను, కింది కవర్ వెతకండి. అసలు భాగాలు ఇప్పటికీ అమ్మకంలో ఉంటే ఆ సిరీస్‌ను నమ్మవచ్చు.

2021లో మొదటి మెషిన్ తెచ్చిన ఫ్రేమ్‌వర్క్ అనే లాప్‌టాప్ కంపెనీ దాదాపు ప్రతి భాగాన్నీ విడిగా అమ్ముతోంది, భాగాల మీద క్యూఆర్ కోడ్ కూడా ముద్రిస్తుంది. 2024లో వచ్చిన లెనోవో థింక్‌ప్యాడ్ టీ14 ఐదో తరానికి, పరికరాలను ఎంత సులువుగా బాగుచేయవచ్చో చూసి మార్కులిచ్చే ఐఫిక్సిట్ సంస్థ 10కి 9 వేసింది. ఆ మార్కులు ఆ ఒక్క మోడల్‌వే. థింక్‌ప్యాడ్ అన్న పేరున్న ప్రతిదానికీ వర్తించవు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న వేరే కంపెనీ బ్యాటరీ వేస్తే ఛార్జ్ ఎక్కడం లేదు. ముందుజాగ్రత్తగా అసలు బ్యాటరీ ఒకటి కొని దాచుకోవడం మంచిదా?

జవాబు: దాచకండి. లిథియం బ్యాటరీ వాడకపోయినా వయసు మీద పడి సామర్థ్యం తగ్గుతుంది. పాతది సగానికి దిగినప్పుడు, తయారీ తేదీ చూసి కొత్తది కొనండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘powercfg /batteryreport’ అని టైప్ చేస్తే ఒక నివేదిక తయారవుతుంది. అందులో ‘డిజైన్ కెపాసిటీ’, ‘ఫుల్ ఛార్జ్ కెపాసిటీ’ అంకెలు పోల్చి చూడండి.

మీది ఛార్జ్ కాకపోవడానికి కారణం బహుశా గుర్తింపు తనిఖీ. కొన్ని మెషిన్ల ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) బ్యాటరీలోని చిప్‌ను ప్రశ్నించి, సరైన జవాబు రాకపోతే ఛార్జింగ్ ఆపేస్తుంది. థింక్‌ప్యాడ్‌లలో ఇది చాలా ఏళ్లుగా ఉంది. మెషిన్ ఆన్ చేయగానే బ్యాటరీ అసలుది కాదన్న హెచ్చరిక వస్తోందేమో చూడండి. వస్తుంటే వాపసు ఇవ్వడమే దారి.

మళ్లీ కొనేటప్పుడు ఎంఏహెచ్ కాకుండా వాట్-అవర్ పోల్చండి. వోల్టేజీని ఆంపియర్-అవర్‌తో గుణిస్తే అదే వస్తుంది: 11.4 వోల్టులు, 5 ఆంపియర్-అవర్ అంటే 57 వాట్-అవర్. అదే సైజులో అసలుదానికంటే సగం ఎక్కువ ఇస్తామనే బ్యాటరీని నమ్మకండి.

టచ్‌ప్యాడ్ నొక్కుడు బిగుసుకుపోయినా, మెషిన్ బల్ల మీద ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బుతోందని అనుమానించాలి. వెంటనే ఛార్జింగ్ ఆపండి. లోహపు పనిముట్టుతో పెకిలించవద్దు, గుచ్చవద్దు.

ప్రశ్న: మదర్‌బోర్డు మార్చాలన్నారు. సర్వీసుకు ఇచ్చేముందు ఏం చేయాలి?

జవాబు: మెషిన్ ఇంకా ఆన్ అవుతుంటే ముందు బ్యాకప్ తీయండి. తర్వాత బిట్‌లాకర్ (డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ రాసిపెట్టుకోండి. అది 48 అంకెలుంటుంది. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా మెషిన్లలో ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది, ఆ సంగతి మీకు తెలిసి ఉండకపోవచ్చు. డిస్కు తెరిచే తాళంచెవి పాత బోర్డు మీది టీపీఎం అనే భద్రతా చిప్‌లో ఉంటుంది. కొత్త బోర్డు వేయగానే విండోస్ రికవరీ కీ అడుగుతుంది. కీ లేకపోతే డిస్కు బాగానే ఉన్నా డేటా తెరుచుకోదు. మెషిన్ అసలు ఆన్ కాకపోయినా మరో ఫోన్ లేదా కంప్యూటరు నుంచి మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి చూడండి, కీ సాధారణంగా అక్కడే దాచి ఉంటుంది.