నాన్నగారి లైసెన్సుతో రుణాల యాప్ నడపవచ్చా?

ప్రశ్న: వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర మా నాన్నగారు వడ్డీ వ్యాపార లైసెన్సుతో హమాలీలకు, చిన్న దుకాణదారులకు అప్పులిస్తారు. ఇంజినీరింగ్ చదివిన నేను ఇదే పనికి ఒక యాప్ తయారుచేశాను. స్నేహితులు వడ్డీకి డబ్బు ఇస్తామంటున్నారు. నాన్నగారి లైసెన్సు చాలుతుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చాలదు. ఆ లైసెన్సు 1349 ఫస్లీలో (అంటే 1939-40 ప్రాంతంలో), నిజాం పాలనలో వచ్చిన వడ్డీ వ్యాపారుల చట్టం కిందిది. కంపెనీ పెట్టి అప్పులివ్వడమే ప్రధాన వ్యాపారం చేసుకుంటే రిజర్వు బ్యాంకు చట్టం 45-ఐఏ సెక్షన్ ప్రకారం ఎన్‌బీఎఫ్‌సీగా (బ్యాంకు కాని ఆర్థిక సంస్థగా) నమోదు కావాలి. కొత్త సంస్థకు సొంత నిధులు 10 కోట్ల రూపాయలు ఉండాలి. నమోదు లేకుండా నడిపితే ఏడాది నుంచి ఐదేళ్ల జైలు. స్నేహితుల సొమ్ము మాట ఇప్పుడే వదిలేయండి. అప్పులిచ్చే వ్యక్తి గానీ భాగస్వామ్య సంస్థ గానీ బంధువులు కానివారి నుంచి డిపాజిట్లు తీసుకోవడాన్ని 45-ఎస్ సెక్షన్ నిషేధిస్తోంది.

మీకు తగిన దారి మరొకటి ఉంది. ఏదైనా బ్యాంకుతో గానీ ఎన్‌బీఎఫ్‌సీతో గానీ ఒప్పందం చేసుకుని, వారి తరఫున రుణ సేవలు అందించవచ్చు. దానికి మీకు విడిగా రిజర్వు బ్యాంకు లైసెన్సు అక్కర్లేదు. అయితే రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాల ఆదేశాలను ఆ సంస్థ మీ చేత పాటింపజేయాలి. అప్పు సొమ్ము దాని ఖాతా నుంచి నేరుగా రుణగ్రహీత ఖాతాలోకి వెళ్లాలి, వాయిదాలూ అలాగే తిరిగి రావాలి. మధ్యలో మీ ఖాతా ఉండకూడదు. మీ రుసుము ఆ సంస్థే చెల్లించాలి, హమాలీ నుంచి రూపాయి తీసుకోకూడదు. అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వడ్డీ రేటును సంతకానికి ముందే చూపాలి. అప్పు వద్దనుకుంటే అసలు, ఆ కాలానికి వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడేందుకు కనీసం ఒక రోజు గడువివ్వాలి.

రుణ విభాగంలో ఉద్యోగం చేసినవాడిగా గట్టిగా చెబుతున్నాను: మీ యాప్ ఫోన్‌లోని పరిచయస్తుల నంబర్లు, ఫొటోలు అడుగుతుంటే ఆ భాగాన్ని ఈరోజే తీసేయండి. వాటిని తాకకూడదని ఆదేశాలు స్పష్టంగా చెబుతున్నాయి. 2020లో మన రాష్ట్రంలో రుణ యాప్‌లలో అప్పు తీసుకున్న కొందరు ప్రాణాలు తీసుకున్నది అప్పు భారం ఒక్కదానికే కాదు, బంధుమిత్రులకు ఫోన్లు చేసి పరువు తీసినందుకు. ఆ తర్వాతే, 2021 జనవరిలో, రిజర్వు బ్యాంకు ఈ రుణాలపై అధ్యయన బృందాన్ని వేసింది.

మీ నాన్నగారి ఖాతా పుస్తకాలు జాగ్రత్త చేయండి. హమాలీలు ఏ నెలల్లో సక్రమంగా కడతారో, మార్కెట్‌కు మిర్చి రాని నెలల్లో ఎందుకు ఆగుతారో వాటిలో ఉంటుంది. ఎన్‌బీఎఫ్‌సీతో మాట్లాడేటప్పుడు పేర్లు కనపడకుండా ఆ లెక్కలు చూపించండి, వాయిదాల గడువును ఆ రాబడికి తగినట్టు పెట్టమని అడగండి.